గాలి ఆపేసే కాంతిని చదవడం: లోహాల వర్ణపటాలకూ వేడి ప్లాస్మాలకూ శూన్య అతినీలలోహిత పద్ధతి

నెల్లూరు జిల్లాలో భౌతికశాస్త్రం చదువుకున్న వారిలో చాలామంది మొట్టమొదట చూసిన వర్ణపట రేఖలు సోడియంవే. ఇస్కపల్లి మళ్లలో పండిన ఉప్పు చిటికెడు తెచ్చి మంటలో వేస్తే చాలు, 589.0, 589.6 నానోమీటర్ల దగ్గర రెండు పసుపు రేఖలు పక్కపక్కన కనిపిస్తాయి. ఎమ్మెస్సీ విద్యార్థులకు ప్రయోగశాలలో పాఠం చెప్పిన సంవత్సరాలన్నిటిలోనూ నేను ఈ జంట దగ్గరే మొదలుపెట్టాను, ఎందుకంటే నిండిన కక్ష్యల బయట ఒంటరిగా మిగిలిన ఒకే ఒక్క ఎలక్ట్రాన్ చేసే ఈ పని సోడియంతో ఆగిపోదు. మెగ్నీషియం ఒక ఎలక్ట్రాన్‌ను, అల్యూమినియం రెండింటిని, సిలికాన్ మూడింటిని కోల్పోతే వాటిలోనూ సరిగ్గా అదే అమరిక మిగులుతుంది, అదే జంట పుడుతుంది. కాని కేంద్రకపు పట్టు పెరిగిన కొద్దీ ఆ జంట తక్కువ తరంగదైర్ఘ్యాల వైపు జరిగిపోతుంది. మెగ్నీషియంలో అది 280 నానోమీటర్ల దగ్గర, అల్యూమినియంలో 185.5, 186.3 దగ్గర, సిలికాన్‌లో 139.4, 140.3 దగ్గర ఉంటుంది. పదిహేను ఎలక్ట్రాన్లు పోయిన ఇనుములో ఇదే జంట 33.5, 36.1 నానోమీటర్లకు చేరుతుంది.

ఈ ప్రయాణంలో మెగ్నీషియం దాటగానే గాలి అడ్డుపడుతుంది. సుమారు 200 నానోమీటర్ల కంటే తక్కువ తరంగదైర్ఘ్యమున్న కాంతిని గాలిలోని ఆక్సిజన్, నీటి ఆవిరి పీల్చుకుంటాయి. 100 కంటే కిందికి వెళితే నైట్రోజన్ కూడా వాటితో చేరుతుంది. 200 నుంచి దాదాపు 10 నానోమీటర్ల వరకు ఉన్న ఈ మేరకు శూన్య అతినీలలోహిత ప్రాంతమని పేరు రావడానికి కారణం ఇదే. 1240ని నానోమీటర్లలోని తరంగదైర్ఘ్యంతో భాగిస్తే ఫోటాన్ శక్తి ఎలక్ట్రాన్ వోల్టులలో వస్తుంది కనుక, ఇది 6 నుంచి 124 ఎలక్ట్రాన్ వోల్టుల వరకు ఉన్న ప్రాంతమన్నమాట. బయటి ఎలక్ట్రాన్లు ఒకటి రెండు నుంచి ఇరవై దాకా పోయిన లోహపు అయాన్లు తమ ముఖ్యమైన రేఖలను వెలువరించేది ఇక్కడే. జర్మనీలోని లైప్‌జిగ్‌లో విక్టర్ షూమన్ 1893 నాటికి గాలిని తోడేసిన పరికరంలో ఫ్లోరైట్ పట్టకాన్ని పెట్టి, జెలటిన్ దాదాపు లేని ఫోటో పలకలను స్వయంగా తయారుచేసుకొని ఈ ప్రాంతాన్ని తెరిచాడు. హార్వర్డ్‌లో థియొడోర్ లైమన్ 1906లో ఇందులోనే హైడ్రోజన్ శ్రేణిని కనుగొన్నాడు.

నెల్లూరు, ఒంగోలు కళాశాలల నుంచి ఇండోర్‌కో గాంధీనగర్‌కో ప్రయోగాలకు వెళ్లబోయే విద్యార్థులను, చిన్న శూన్య పరికరాన్ని ఇక్కడే అమర్చుకోవాలనుకునే అధ్యాపకులను దృష్టిలో పెట్టుకొని కింది విషయాలు రాస్తున్నాను. నేను ముఖ్యంగా చెప్పదలచింది ఒక్కటే: ఈ పనిలో రేఖ కనిపించడం తేలిక, ఆ రేఖ ఎవరిదో నిరూపించడం కష్టం. శూన్యం శుభ్రంగా లేకపోయినా, గ్రేటింగ్ (సన్నని సమాంతర గీతలతో కాంతిని తరంగదైర్ఘ్యాలుగా విడదీసే పలక) ఒకే రేఖను వేరువేరు చోట్ల మళ్లీ చూపే క్రమాలను లెక్కలోకి తీసుకోకపోయినా రాసుకున్న పేర్లన్నీ తప్పుతాయి.

పరికరాన్ని ఎంచుకోవడం

ఏ పరికరం కావాలన్నది మీరు చూడదలచిన తరంగదైర్ఘ్యం నిర్ణయిస్తుంది. 115 నానోమీటర్లకు పైన పని ఉంటే మెగ్నీషియం ఫ్లోరైడ్ కిటికీ పెట్టి, కాంతిమూలాన్నీ వర్ణపటమాపకాన్నీ వేరుచేయవచ్చు. లిథియం ఫ్లోరైడ్ సుమారు 105 వరకు కాంతిని పోనిస్తుంది, కాని తేమకు పాడవుతుంది. కాల్షియం ఫ్లోరైడ్ 125 దగ్గర, మంచి క్వార్ట్జ్ గాజు 160 దగ్గర ఆగిపోతాయి. గూడూరు అభ్రకం ఒకప్పుడు శూన్య నాళికలలో విద్యుత్ బంధకంగా ప్రపంచమంతా తిరిగింది కనుక దానినే పలుచని కిటికీగా వాడవచ్చా అని విద్యార్థులు అడుగుతుంటారు. ఈ ప్రాంతపు కాంతికి అభ్రకం పారదర్శకం కాదు, కనుక అది పనికిరాదు. 105కు కిందికి దిగితే కిటికీ అనేదే ఉండదు. మూలానికీ పరికరానికీ మధ్య సన్నని చీలిక మాత్రమే ఉంచి, రెండు వైపులా వేరువేరు పంపులతో పీడనాన్ని మెట్లుమెట్లుగా తగ్గించవలసి ఉంటుంది.

గ్రేటింగ్ విషయానికి వస్తే, కాంతి దాదాపు నిటారుగా పడే అమరిక సుమారు 30 నానోమీటర్ల వరకు పనిచేస్తుంది. అంతకంటే కిందికి అద్దాల పరావర్తనం బాగా పడిపోతుంది కాబట్టి కాంతిని ఉపరితలానికి ఒరుసుకుపోయేలా చాలా తక్కువ కోణంలో పంపాలి. కళాశాల స్థాయికి నేను సూచించేది సేయా-నమియోకా అమరిక. అందులో చీలికలు రెండూ కదలవు, పుటాకార గ్రేటింగ్ మాత్రం తిరుగుతుంది; విభేదన శక్తి మధ్యస్థంగానే ఉన్నా నిర్మాణం సులువు, మరమ్మతు సులువు. అల్యూమినియం మీద మెగ్నీషియం ఫ్లోరైడ్ పూసిన గ్రేటింగ్ 115 వరకు చక్కగా పనిచేస్తుంది. ఇంకా కిందికి ప్లాటినం, ఇరిడియం, బంగారం పూతలు కావాలి.

కొనేముందు ఒక చిన్న లెక్క తప్పక వేయండి. మిల్లీమీటరుకు 1200 గీతలున్న, ఒక మీటరు వక్రతా వ్యాసార్ధం గల గ్రేటింగ్‌లో రెండు గీతల మధ్య దూరం 833 నానోమీటర్లు. మొదటి క్రమంలో, నిటారు అమరికలో, నిర్గమ చీలిక దగ్గర ఒక మిల్లీమీటరు వెడల్పులో సుమారు 0.83 నానోమీటర్ల వర్ణపటం పరుచుకుంటుంది. అంటే 20 మైక్రోమీటర్ల చీలికతో సుమారు 0.017, 10 మైక్రోమీటర్ల చీలికతో సుమారు 0.008 నానోమీటర్ల వెడల్పు వస్తుంది. ఈ అంకెలు గుర్తుంచుకోండి, ప్లాస్మా, అంటే అయాన్లుగా, ఎలక్ట్రాన్లుగా విడిపోయిన వేడి వాయువు, ఉష్ణోగ్రత దగ్గర మళ్లీ అవసరపడతాయి.

గ్రాహకాలలో అన్నిటికంటే చవకైనది సోడియం సాలిసిలేట్. దానిని ఆల్కహాలులో కరిగించి గాజు పలక మీద పలుచగా చల్లి, వెనుక మామూలు ఫోటోమల్టిప్లయర్ నాళికను పెడితే, పడిన అతినీలలోహిత కాంతి 420 నానోమీటర్ల దగ్గర నీలి వెలుగుగా మారి లెక్కకు వస్తుంది. చాలా విస్తృతమైన పరిధిలో దాని సామర్థ్యం దాదాపు ఒకే తీరుగా ఉండటం దాని గొప్ప గుణం. వేగంగా మారే ప్లాస్మాలకు మాత్రం మైక్రోచానల్ పలక (సన్నని రంధ్రాలలో ఎలక్ట్రాన్ల సంకేతాన్ని పెంచే పలక) గాని, వెనుక వైపు పలుచన చేసిన సీసీడీ గాని కావాలి. మైక్రోచానల్ పలకకు పీడనం 10⁻⁶ మిల్లీబార్ దగ్గరకు చేరేదాకా హెచ్చు వోల్టేజి ఇవ్వకండి.

కింద ఆధారం కదలకూడదు. చీమకుర్తి గనుల దగ్గర సానపట్టిన నల్ల గ్రానైటు దిమ్మ ఒకటి తెచ్చి రబ్బరు మెత్తల మీద నిలబెడితే మంచి బల్ల అవుతుంది. రోటరీ పంపును దాని మీద ఎన్నడూ పెట్టవద్దు. పంపు నేల మీద విడిగా ఉండాలి, మధ్యలో మెత్తని లోహపు బెలోస్ గొట్టం ఉండాలి.

శూన్యం: కోస్తాలో దీని కష్టం వేరు

మన జిల్లాలలో శూన్య పరికరానికి మొదటి శత్రువు సముద్రపు గాలిలోని తేమ. చాంబరు తెరిచిన ప్రతిసారీ లోపలి గోడలకు నీటి అణువులు అంటుకుంటాయి, తరువాత గంటల తరబడి మెల్లగా విడుదలవుతుంటాయి. ఈశాన్య రుతుపవనాలు పట్టిన అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలలలో ఇది మరీ ఎక్కువ. అందువల్ల చాంబరును గాలితో కాకుండా పొడి నైట్రోజన్‌తో నింపి తెరవండి, తెరిచి ఉన్నంతసేపూ ఆ నైట్రోజన్ మెల్లగా బయటికి వస్తూనే ఉండాలి, చేయవలసిన పనిని ముందే కాగితం మీద రాసుకొని త్వరగా ముగించాలి. మూసిన గదిలో నైట్రోజన్ ఎక్కువైతే ఊపిరాడదు, పైగా దానికి వాసన ఉండదు, కనుక కిటికీలు తీసి ఉంచండి. ఫ్లోరైడ్ కిటికీలను నీలి సిలికా జెల్ వేసిన డెసికేటర్‌లో దాచాలి. జెల్ గులాబీ రంగుకు తిరిగితే వేడిచేసి మళ్లీ వాడాలి.

చాంబరు లోపల పెట్టే ప్రతి లోహ భాగాన్నీ సబ్బు ద్రావణంతో, తరువాత అసిటోన్‌తో, చివరగా ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో కడగాలి. ఆపైన వట్టి చేతులతో ముట్టరాదు. వేలిముద్రలోని నూనె కంటికి కనిపించకపోయినా ఈ కాంతికి అది మురికే. అతినీలలోహిత ఫోటాన్లు హైడ్రోకార్బన్ అణువులను విడగొట్టి, కాంతి పడిన చోటనే కార్బన్ పొరను అంటిస్తాయి. అంటే మీ గ్రేటింగ్‌ను మీ కాంతే నల్లబరుస్తుంది. నూనె వాడే డిఫ్యూజన్ పంపు బదులు టర్బో పంపు, దాని వెనుక నూనె లేని స్క్రోల్ పంపు పెట్టమని చెప్పేది ఇందుకే. నూనె పంపు తప్పనిసరైతే ద్రవ నైట్రోజన్‌తో చల్లబరిచిన ఉచ్చును మధ్యలో ఉంచండి. ఒంగోలు జాతి ఎద్దుల వీర్యాన్ని నిల్వచేసే పశుసంవర్ధక కేంద్రాల పుణ్యమా అని మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌ను జాగ్రత్తగా మోయడం, పోయడం తెలిసిన వారు మన జిల్లాలలో ఉన్నారు. వారి దగ్గర ఒక పూట కూర్చుని నేర్చుకోవడం ఏ పుస్తకం చదవడం కంటే మేలు.

నాకు జరిగిన ఒక నష్టాన్ని ఇక్కడ చెప్పాలి. ఒక నవంబరులో తుపాను గాలికి కరెంటు పోయిన రాత్రి, నేను పనిచేస్తున్న ప్రయోగశాలలో రోటరీ పంపు ఆగిపోయింది. కరెంటు పోగానే తనంతట తాను మూసుకొనే వాల్వు ఆ గొట్టంలో లేదు. లోపల శూన్యం, బయట గాలి. పంపులోని నూనె ఆవిరి వెనక్కి ఎగదన్నింది. మరునాడు కంటికి గ్రేటింగ్ ఎప్పటిలాగే తళతళలాడుతూ ఉంది, పాదరసపు దీపపు రేఖలు కూడా సరిగానే వచ్చాయి. వారం గడిచాక హైడ్రోజన్ 121.6 రేఖను పాత కొలతతో పోల్చినప్పుడు గాని దాని తీవ్రత సగానికి పడిపోయిందని తెలియలేదు. అప్పటి నుంచి నాకు రెండు నియమాలు ఏర్పడ్డాయి: కరెంటు పోతే మూసుకొనే వాల్వు లేని పరికరాన్ని రాత్రిపూట నడపను, ప్రతి సోమవారం ఒకే దీపంతో, ఒకే చీలికతో, ఒకే రేఖ తీవ్రతను కొలిచి పుస్తకంలో రాస్తాను.

పీడనం దిగకపోతే ముందు పంపు వాల్వు మూసి, కాలంతో పాటు పీడనం పెరిగే తీరును రాసుకోండి. అది ఆగకుండా సరళరేఖలా పెరుగుతూ ఉంటే బయటి నుంచి గాలి కారుతోందని అర్థం. మొదట పెరిగి క్రమంగా నెమ్మదిస్తే గోడల నుంచి ఆవిరి విడుదలవుతోందని అర్థం. అవశేష వాయువుల విశ్లేషకం ఉంటే పని ఇంకా తేలిక. ద్రవ్యరాశి 18 ఎక్కువగా ఉంటే నీరు, 28తో పాటు దానిలో నాలుగైదో వంతుగా 32 కూడా ఉంటే గాలి, 41, 43, 55, 57 వరుసగా కనిపిస్తే నూనె. గుడ్డిరంధ్రంలో బిగించిన మర వెనుక చిక్కుకున్న గాలి రోజుల తరబడి కారుతూ నిజమైన లీకులా భ్రమపెడుతుంది. అందుకే లోపల వాడే మరలకు నడిమధ్యగా సన్నని బెజ్జం వేయించండి.

లోహపు ఆవిరికి వెలుగు

ఒకటి లేక రెండు ఎలక్ట్రాన్లు పోయిన లోహాలకు బోలు కాథోడ్ దీపం సరిపోతుంది. చూడదలచిన లోహంతో చేసిన చిన్న గొట్టంలో ఆర్గాన్ లేక నియాన్ వాయువును తక్కువ పీడనంలో వెలిగిస్తే, అయాన్ల తాకిడికి లోహపు పరమాణువులు ఊడివచ్చి మెరుస్తాయి. రేఖలు సన్నగా, స్థిరంగా ఉంటాయి. ప్లాటినం కాథోడ్, నియాన్ వాయువు గల దీపం తరంగదైర్ఘ్యాల ప్రమాణంగా అందుకే స్థిరపడింది. మూడు నుంచి ఆరు ఎలక్ట్రాన్ల వరకు పోగొట్టాలంటే బంధకపు ఉపరితలం మీదుగా జారే స్పార్క్ వాడాలి. అంతకంటే పైస్థాయికి శూన్యంలో స్పార్క్, లేదా నియోడిమియం యాగ్ లేజర్ పల్స్‌ను లోహం మీద కేంద్రీకరించి పుట్టించే ప్లాస్మా. స్పార్క్ కెపాసిటర్లలో వేల వోల్టులు మిగిలి ఉంటాయి, కనుక భూమికి కలిపిన కర్రతో వాటిని ఖాళీచేయకుండా తలుపు తీయవద్దు. 185 నానోమీటర్ల పాదరసపు కాంతి గాలిలో ఓజోన్‌ను పుట్టిస్తుంది, కళ్లను కాలుస్తుంది. దీపాన్ని నేరుగా చూడకూడదు.

ఇది పరిశోధనకే పరిమితమైన విషయం కాదు. ఉక్కులో కార్బన్‌ను 193.1, గంధకాన్ని 180.7, భాస్వరాన్ని 178.3 నానోమీటర్ల రేఖలతో నిమిషంలో కొలిచే స్పార్క్ పరికరాలు ఫౌండ్రీలలో ఉన్నాయి. వాటిలో కాంతి మార్గాన్ని ఆర్గాన్‌తో నింపడానికో శూన్యం చేయడానికో కారణం పైన చెప్పినదే.

తరంగదైర్ఘ్యాన్ని కట్టడం, రేఖకు పేరు పెట్టడం

పరికరం మూసేముందే గాలిలో పాదరసపు దీపంతో కాంతి మార్గాన్ని సరిచూసుకోండి. శూన్యం వచ్చాక ప్రమాణ రేఖలకు మారండి: జెనాన్ 146.96, క్రిప్టాన్ 123.58, హైడ్రోజన్ 121.57, ఆర్గాన్ 106.67, 104.82, నియాన్ 74.37, 73.59, హీలియం 58.43, ఒక ఎలక్ట్రాన్ పోయిన హీలియం 30.38. కనీసం ఎనిమిది, పది ప్రమాణ రేఖలు మీ పరిధి అంతటా పరుచుకొని ఉండేలా తీసుకొని, స్థానానికీ తరంగదైర్ఘ్యానికీ మధ్య వక్రాన్ని అమర్చి, మిగిలిన తేడాలను గ్రాఫు గీయండి. ఆ తేడాలు చెల్లాచెదురుగా ఉంటే మంచిది. ఒక వంపుగా కనిపిస్తే మీ వక్రం సరిపోలేదు, లేదా ఒక ప్రమాణ రేఖను తప్పుగా గుర్తించారు. పట్టికలు తిరగేసేటప్పుడు 200కు కింద శూన్య తరంగదైర్ఘ్యాలు, పైన సాధారణంగా గాలిలోని తరంగదైర్ఘ్యాలు ఇస్తారన్నది మరవవద్దు. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ ఉచితంగా ఇచ్చే పరమాణు వర్ణపటాల పట్టిక మీ పక్కనే తెరిచి ఉండాలి.

ఇప్పుడు అసలైన కష్టం. గ్రేటింగ్ ప్రతి రేఖను రెండవ, మూడవ క్రమాలలో రెట్టింపు, మూడింతల స్థానాలలో మళ్లీ చూపిస్తుంది. హీలియం 58.43 రేఖ రెండవ క్రమంలో 116.87 దగ్గర కొత్త రేఖలా నిలబడుతుంది. హీలియం అయాను 30.38 రేఖ నాలుగవ క్రమంలో 121.51 దగ్గరకు వస్తుంది, పక్కనే 121.57లో హైడ్రోజన్ ఉంటుంది. చీలిక వెడల్పుగా ఉంటే రెండూ కలిసిపోతాయి. దీనికి నమ్మదగిన పరీక్ష ఒక్కటే, కాంతి మార్గంలో లిథియం ఫ్లోరైడ్ పలకను పెట్టడం. అసలు రేఖ కొంత మందగించినా నిలుస్తుంది, కింది నుంచి ఎగబాకిన క్రమాలు పూర్తిగా మాయమవుతాయి. ఈ పరీక్ష చేయని రేఖకు నేను పేరు పెట్టను.

రెండవ పరీక్ష అయానీకరణ స్థాయిది. స్పార్క్ వలయంలో ఇండక్టెన్స్ చుట్టలు చేర్చి ప్రవాహాన్ని తగ్గిస్తూ ఒకే వర్ణపటాన్ని మూడు సార్లు తీయండి. ఎక్కువ ఎలక్ట్రాన్లు పోయిన అయాన్ల రేఖలు ముందుగా బలహీనపడతాయి, తక్కువ పోయినవి నిలబడతాయి. మూడు చిత్రాలను ఒకదాని కింద ఒకటి పేర్చి చూస్తే రేఖలు తమంతట తాము గుంపులుగా విడిపోతాయి. విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో వర్ణపటశాస్త్రానికి పునాది వేసిన ఆచార్య కొచ్చర్లకోట రంగధామరావు ఆర్సెనిక్, సెలీనియం వంటి మూలకాల అయాన్ల వర్ణపటాలను విశ్లేషించిన కాలంలో కంప్యూటర్లు లేవు. పలకలు, కొలత సూక్ష్మదర్శిని, ఇలాంటి పోలికలే సాధనాలు.

మూడవది సమ ఎలక్ట్రాన్ శ్రేణి, అంటే మనం మొదట చెప్పుకున్న ఉప్పు జంట. తరంగదైర్ఘ్యాలను సెంటీమీటరుకు తరంగ సంఖ్యలుగా మార్చి, జంటలో పొట్టి తరంగదైర్ఘ్యపు రేఖలను వరుసగా రాయండి: సోడియం 16,973, మెగ్నీషియం 35,761, అల్యూమినియం 53,917, సిలికాన్ 71,749, భాస్వరం 89,447, గంధకం 1,07,137. వరుస తేడాలు 18,788, 18,156, 17,832, 17,698, 17,690. ఆరు మూలకాల మీదుగా ఇంత నున్నగా సాగే అంకెల వరుసలో తప్పుడు రేఖ ఒకటి దూరితే వెంటనే దొరికిపోతుంది. తరువాతి మూలకమైన క్లోరిన్‌కు సుమారు 17,750 కలిపితే 1,24,890 వస్తుంది, అంటే 80.1 నానోమీటర్ల దగ్గర వెతకాలి. అక్కడే ఆరు ఎలక్ట్రాన్లు పోయిన క్లోరిన్ రేఖ ఉంది. ఏడు పోయిన ఆర్గాన్‌ది 70.0 దగ్గర వస్తుంది. ఇంకా పైకి పోతే తేడాలు మళ్లీ పెరుగుతాయి, ఎందుకంటే ఎలక్ట్రాన్ భ్రమణానికీ కక్ష్యా చలనానికీ మధ్య ఉండే బంధం కేంద్రకావేశంతో పాటు వేగంగా బలపడుతుంది. సోడియంలో జంట రేఖల మధ్య ఎడం సెంటీమీటరుకు 17 మాత్రమే. పదిహేను ఎలక్ట్రాన్లు పోయిన ఇనుములో అది 20,900కు పైగా ఉంటుంది.

ఈ జంటలో ఇంకో సౌకర్యం ఉంది. ప్లాస్మా పలుచగా ఉంటే పొట్టి తరంగదైర్ఘ్యపు రేఖ రెండవదానికి సుమారు రెట్టింపు తీవ్రతతో ఉండాలి. నిష్పత్తి రెండు కంటే తగ్గి ఒకటి వైపు పోతుంటే ప్లాస్మా తన కాంతిని తానే పీల్చుకుంటోంది. రెండు దాటితే ఇంకెవరిదో రేఖ దాని మీద పడి ఉంది.

వేడి ప్లాస్మా దగ్గర

లోహాల వర్ణపటాన్ని ప్రయోగశాలలో కట్టి పెట్టుకుంటే వేడి ప్లాస్మాను చదవవచ్చునని సూర్యుడి విషయంలోనే రుజువైంది. 1869 గ్రహణంలో సూర్యుడి బయటి వాతావరణమైన కరోనాలో 530.3 నానోమీటర్ల ఆకుపచ్చ రేఖ కనిపించింది. ఏ మూలకానిదో తెలియక దానికి ఒక కొత్త మూలకాన్నే ఊహించారు. డెబ్బై ఏళ్ల తరువాత స్వీడన్‌లో బెంగ్ట్ ఎడ్లెన్, శూన్య స్పార్క్‌లతో తీసిన ఇనుము అతినీలలోహిత వర్ణపటాల నుంచి శక్తిస్థాయిలను రాబట్టి, ఆ రేఖ పదమూడు ఎలక్ట్రాన్లు పోయిన ఇనుముదేనని తేల్చాడు. కరోనా ఉష్ణోగ్రత పది లక్షల డిగ్రీల స్థాయిలో ఉందన్న సంగతి దానితో స్థిరపడింది. 2023 సెప్టెంబరు 2న మన పొరుగునున్న శ్రీహరికోట నుంచి బయలుదేరిన ఆదిత్య-ఎల్1లోని కరోనా పరికరం చూసే రేఖలలో ఈ 530.3 కూడా ఒకటి.

భూమి మీద ఇలాంటి ప్లాస్మా కావాలంటే గాంధీనగర్‌లోని ప్లాస్మా పరిశోధన సంస్థలో ఆదిత్య-యు టోకమాక్ (వేడి ప్లాస్మాను అయస్కాంత క్షేత్రంతో వలయంగా పట్టి ఉంచే యంత్రం) ఉంది. టోకమాక్‌లో ఈ పద్ధతితో ముందుగా చూసేది మలినాలను: గ్రాఫైటు పలకల నుంచి వచ్చే కార్బన్ 97.7, 154.8 దగ్గర, గోడల నీటి నుంచి వచ్చే ఆక్సిజన్ 63.0, 103.2 దగ్గర, ఉక్కు గోడల ఇనుము ఇంకా కింద. ఆక్సిజన్ రేఖలు రోజురోజుకూ బలపడుతుంటే గోడలను శుభ్రపరచాలని అర్థం. పరికరాన్ని టోకమాక్‌కు కలిపే గొట్టంలో పింగాణీ విరామం ఉంచి విద్యుత్ పరంగా వేరుచేయండి, లేకపోతే ప్రవాహపు పల్స్ గ్రాహకపు సంకేతాన్ని ముంచేస్తుంది. మధ్యలోని గేట్ వాల్వు పీడనం పెరిగిన వెంటనే దానంతట అదే మూసుకోవాలి.

అయాన్ల ఉష్ణోగ్రతను రేఖ వెడల్పు చెబుతుంది. ఎలక్ట్రాన్ వోల్టులలోని ఉష్ణోగ్రతను ద్రవ్యరాశి సంఖ్యతో భాగించి, వర్గమూలం తీసి, 0.000077తోనూ తరంగదైర్ఘ్యంతోనూ గుణిస్తే డాప్లర్ వల్ల కలిగే సగం ఎత్తు దగ్గరి వెడల్పు వస్తుంది. 100 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర ఆక్సిజన్ 103.2 రేఖకు అది 0.02 నానోమీటర్లు. ఇంతకు ముందు వేసిన లెక్క ప్రకారం 20 మైక్రోమీటర్ల చీలిక వెడల్పే 0.017, కనుక ఆ చీలికతో మీరు కొలిచేది సగం ప్లాస్మాను, సగం పరికరాన్ని. చీలికను 10 మైక్రోమీటర్లకు తగ్గించి, చల్లని బోలు కాథోడ్ దీపపు రేఖతో పరికరం సొంత వెడల్పును విడిగా కొలిచి, వర్గాల తేడాతో దానిని తీసివేయాలి.

ఎలక్ట్రాన్ల ఉష్ణోగ్రత దగ్గరే ఎక్కువమంది విద్యార్థులు తప్పటడుగు వేస్తారు. ఆర్క్ దీపం పాఠంలో నేర్చుకున్న, రేఖల తీవ్రతల నుంచి ఉష్ణోగ్రతను రాబట్టే బోల్ట్జ్‌మన్ గ్రాఫును టోకమాక్ రేఖలకు కూడా గీసేస్తారు. ఆ గ్రాఫు చెల్లాలంటే కాంతిని వెలువరించడం కంటే ఢీకొనడం చాలా వేగంగా జరగాలి, దానికి కనీస ఎలక్ట్రాన్ సాంద్రత కావాలి. మెక్‌విర్టర్ నియమం ప్రకారం పది లక్షల డిగ్రీల దగ్గర, 8 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి తేడా గల కార్బన్ 154.8 రేఖకు ఘన సెంటీమీటరుకు సుమారు 8×10¹⁷ ఎలక్ట్రాన్లు ఉండాలి. టోకమాక్‌లో ఉండేది 10¹³ స్థాయిలోనే. పదివేల రెట్లకు పైగా ఎడమున్నప్పుడు గ్రాఫు మీద బిందువులు ఒక సరళరేఖ మీద పడినా ఆ ఉష్ణోగ్రతకు అర్థం లేదు. లేజర్ ప్లాస్మా తొలి క్షణాలలో ఆ నియమం నెగ్గవచ్చు. టోకమాక్‌లోనూ కరోనాలోనూ అయానీకరణ, పునఃసంయోగాల రేట్లను లెక్కించే కరోనా నమూనానే వాడాలి. అక్కడ ఉష్ణోగ్రతకు మంచి సూచిక ఒకే అయానులో శక్తి తేడా బాగా ఎక్కువగా ఉన్న రెండు రేఖల నిష్పత్తి, ఉదాహరణకు మూడు ఎలక్ట్రాన్లు పోయిన కార్బన్‌లో 154.8, 31.2 రేఖలు. అయితే ఇంత దూరంగా ఉన్న రెండు రేఖలకు గ్రేటింగ్, గ్రాహకాల సామర్థ్యం ఒకటిగా ఉండదు, కనుక తీవ్రతను ప్రమాణీకరించకుండా నిష్పత్తి తీయరాదు. 115కు పైన డ్యుటీరియం దీపం చాలు. కిందికి సింక్రోట్రాన్ కాంతి, అంటే వలయంలో అతివేగంగా తిరిగే ఎలక్ట్రాన్లు వెలువరించే కాంతి, కావాలి. మన దేశంలో దానికి చోటు ఇండోర్‌లోని రాజా రామన్న ప్రగత సాంకేతిక కేంద్రంలో ఉన్న 450 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల ఇండస్-1 వలయం.

పరికరం చేతికి రాకముందే సాధన మొదలుపెట్టదలచిన వారు నాసా సూర్య పరిశీలక ఉపగ్రహం ఎస్‌డీఓ 2010 నుంచి పంపుతున్న చిత్రాలను ఇంటర్నెట్ నుంచి ఉచితంగా దించుకోవచ్చు. అందులో 33.5 నానోమీటర్ల మార్గాన్ని ఎంచుకోండి. చురుకైన మచ్చల మీద మెరిసే ఆ వలయాలలో ముఖ్యమైన వంతు పదిహేను ఎలక్ట్రాన్లు పోయిన ఇనుముది, అంటే ఉప్పు జంటలో పొట్టి తరంగదైర్ఘ్యపు రేఖది. అదే సమయపు 30.4 హీలియం చిత్రాన్ని, 17.1 ఇనుము చిత్రాన్ని పక్కన పెట్టి, ఏ నిర్మాణం ఏ చిత్రంలో ఉందో, ఏ చిత్రంలో లేదో పట్టిక వేయండి. తరువాత గ్రాఫు కాగితం మీద పైన ఇచ్చిన ఆరు తరంగ సంఖ్యలనూ, ఆర్గాన్ 70.02, ఇనుము 33.54 రేఖల తరంగ సంఖ్యలనూ గుర్తించి, వక్రాన్ని చేతితో నికెల్ దాకా పొడిగించండి. పదిహేడు ఎలక్ట్రాన్లు పోయిన నికెల్‌కు మీ పెన్సిలు 29.2 నానోమీటర్ల దగ్గర ఆగాలి.